అట్ట ఇంట్లో దీపం

బొమ్మ రైలు పక్కన పెట్టే ఇళ్లు పిల్లల ఆట అనుకునేవాణ్ణి. 2018లో మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియం చూశాక ఆ అభిప్రాయం మారింది.

రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1925లో ఆస్ట్రేలియా నుంచి అక్కడికి వచ్చారు. రైళ్లంటే ప్రాణం. ఆ పల్లెల్లో గడ్డి కప్పిన పాత ఇళ్లు రూపు మారిపోవడం చూసి, అవి పోకముందే కొలతలు తీసి, అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున అట్టతో కట్టసాగారు. 1954లో మ్యూజియం స్థాపించారు. 1920, 30ల నాటి పల్లెలు, రైళ్లు అందులో నేటికీ ఉన్నాయి.

మా ఊరు 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఖాళీ అయింది. ఊరి ఇళ్ల కొలతల రిజిస్టరు రాసిన గుమాస్తాల్లో నేనూ ఒకణ్ణి. మా మిద్దె పొడవు, వెడల్పు రాశాను. అమ్మ దీపం పెట్టే గూటికి రిజిస్టరులో కాలమ్ లేదు.

తిరిగొచ్చాక, మనవడి రైలు పట్టాల పక్కన ఆ మిద్దెను అట్టతో కట్టాను. 30 అడుగుల ఇల్లు 12 సెంటీమీటర్లయింది. లోపల చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెడితే గోడలన్నీ వెలిగిపోయాయి. అట్టకు లోపలివైపు నల్లరంగు పూశాను. రెసిస్టరు మార్చి వెలుగు తగ్గించాను. అప్పుడు గూట్లో మాత్రమే దీపం కనిపించింది. మా ఆవిడ చూసి, "అత్తయ్య ఇంట్లోనే ఉన్నట్టుందండీ" అన్నది.

మిత్రులారా, మీ పాత ఇంటి కొలతలు, గూళ్లతో సహా, గుర్తున్నప్పుడే ఒక కాగితం మీద రాసి ఉంచండి.