2147483647

2147483647 (రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు) ఒక ప్రధాన సంఖ్య. దీని విలువ 2³¹ − 1. ఇట్లు 2 యొక్క ఘాతము నుండి 1 తీసివేయగా వచ్చు ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. వాటిలో ఇది ఎనిమిదవది. ఘాతమైన 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే (2⁵ − 1) కావటం దీని మరొక విశేషం.

ప్రధాన సంఖ్య అని నిరూపణ

ఫ్రెంచి గణితవేత్త మారిన్ మెర్సెన్ 1644లో ప్రకటించిన జాబితాలో ఘాతం 31 ఉన్నది. అయితే ఆయన నిరూపణ ఇవ్వలేదు. పైగా ఆ జాబితాలోని 67, 257 తప్పులని తరువాత తేలింది. కనుక జాబితాలో ఉన్నంత మాత్రాన నమ్మడానికి వీలు లేదు.

నిరూపించినవాడు లియొనార్డ్ ఆయిలర్ (1772). ఈ సంఖ్య వర్గమూలం 46340 కంటె కొంచెం ఎక్కువ. అంటే అంతవరకు గల ప్రధాన సంఖ్యలు, సుమారు 4,800, అన్నిటితోను భాగించి చూడాలి. ఆయిలర్ ఈ శ్రమను తగ్గించాడు. 2³¹ − 1 కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 62k + 1 రూపంలో ఉండాలి. దానిని 8 చేత భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. ఈ రెండు నియమాలను కలిపితే 248n + 1, 248n + 63 అనే రెండు వరుసలే మిగులుతాయి. వీటిలో మొదటి ప్రధాన సంఖ్య 311. దానితో భాగిస్తే శేషం 35 వస్తుంది. ఈ విధంగా వరుసల చివరి వరకు పరీక్షించగా ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. కంప్యూటరు లేని కాలంలో, అప్పటికే చూపు బాగా దెబ్బతిన్న ఆయిలర్ దీనిని సాధించాడన్నది గమనార్హం. తరువాత అనేక దశాబ్దాల పాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో ఇదే పెద్దది.

పరిపూర్ణ సంఖ్య

దీనిని 2³⁰ తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అనగా తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం తనకే సమానం. ఇంతకంటె పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుగొనబోరని, అటువంటివి కుతూహలానికే తప్ప ఉపయోగానికి కావని పీటర్ బార్లో 1811లో వ్రాశాడు. 1876లో ఎడ్వర్డ్ లూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చూపటంతో ఆ జోస్యం తప్పింది.

కంప్యూటర్లలో

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య వరుసగా 31 ఒకట్లు. ధన, ఋణ సంఖ్యలు రెండిటినీ 32 బిట్లలో దాచేటప్పుడు ఇదే గరిష్ఠ విలువ. దీనికి 1 కలిపితే సాధారణంగా −2147483648 అవుతుంది. యూనిక్స్ పద్ధతిలో కాలాన్ని 1970 జనవరి 1 నుండి సెకన్లలో లెక్కిస్తారు. ఆ లెక్క 2038 జనవరి 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07కు ఈ సంఖ్యను చేరుతుంది. 32 బిట్ల లెక్కనే వాడుతున్న యంత్రాలు మరుక్షణం 1901 డిసెంబరుకు వెళ్ళిపోతాయి. 64 బిట్లకు మారిన వ్యవస్థలకు ఈ ఇబ్బంది లేదు. కాని ఒకసారి అమర్చి ఏళ్ళ తరబడి ముట్టుకోని చిన్న యంత్రాలలో పాత లెక్క మిగిలి ఉండే అవకాశం ఉంది.