పసిబిడ్డను చూడవచ్చినవారు

బంధుమిత్రుల ఇంట బిడ్డ కలిగినదన్న వార్త వినగానే, పోయి చూచి రావలెనని మనసు తొందరపడుట మనకు సహజము. అయినను పురుడు వెళ్ళువరకు ఆగుదుము. పదునొకండవనాటి స్నానమో, బారసాలయో అయిన పిమ్మట వెండి ఉగ్గుగిన్నెయో, చిన్న చొక్కాయో చేతబుచ్చుకొని పోయి, ఉయ్యెల దగ్గర నిలిచి, పోలిక తండ్రిదా, తల్లిదా అని తర్కించుకొందుము. చూచినవారి దిష్టి తగులకుండ పెద్దలు అంతకు ముందే బుగ్గచుక్క దిద్ది ఉందురు. ఇట్లు పసిబిడ్డ చుట్టును పదుగురు చేరు ముచ్చటను మన కృష్ణాతీరపు శిల్పులు ఏనాడో రాతిలో మలిచి పెట్టినారు. ఆ రాతిని ఒకమారు నిదానముగా చూతము.

అమరావతి మహాచైత్యము క్రీస్తుకు పూర్వమే వెలసి, క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో పలనాటి సున్నపురాతి శిల్పములతో నిండినది. స్తూపపు అడుగుభాగమునకు పొదిగిన ఫలకములలో ఒకదానిపై సిద్ధార్థుని జననగాథ నాలుగు దృశ్యములుగా కనబడును. మాయాదేవి ఏనుగును కలగనుట మొదటిది. ఆ కలకు శుద్ధోదనుని కొలువులో అర్థము చెప్పించుట రెండవది. లుంబినీవనమున కొమ్మను పట్టుకొని నిలిచిన తల్లికి బిడ్డ పుట్టుట మూడవది. ఆ బిడ్డను శాక్యుల కులదేవత గుడికి తీసికొనిపోవుట నాలుగవది. అక్కడ బిడ్డ దేవతకు మ్రొక్కలేదు. దేవతయే చేతులు జోడించి బిడ్డకు మ్రొక్కినది.

ఈ దృశ్యములలో బిడ్డ ఎక్కడ అని వెదకినచో కనబడడు. లోకపాలురు పట్టుకొన్న పొడుగాటి వస్త్రముపై చిన్న చిన్న అడుగుల గుర్తులు మాత్రమే ఉన్నవి. గుడి ఎదుట స్త్రీ చేతులలో ఉన్నదియు అట్టి వస్త్రమే. బుద్ధుని ఆకారమును చెక్కక, పాదములు, చక్రము, బోధివృక్షము వంటి గుర్తులతో సూచించుట ఆ కాలపు శిల్పసంప్రదాయములలో ఒకటి. అందుకు కారణమేమన్న విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు ఉన్నవి. అమరావతిలోనే పిమ్మటి శిల్పములలో బుద్ధుని మానుషరూపమును కలదు. కారణమేదైనను, మెత్తని గుడ్డలో పసికందును ఎత్తుకొనుట ఎరిగిన మన ఇండ్లవారికి ఆ గుడ్డను చూచినంతనే బిడ్డ జాడ తెలియును.

ఈ రాళ్ళు మనకు మిగులుటయే ఒక గొప్ప. కర్నల్ మెకంజీ 1797 లో ఈ శిథిలములను మొదట చూచినాడు. 1816 లో మరల వచ్చి బొమ్మలు వ్రాయించునప్పటికే ఎన్నో రాళ్ళు కొత్త కట్టడములకు తరలిపోయినవి. మరికొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1845 లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసిన శిల్పములు మదరాసు చేరినవి. వానిలో పెక్కింటిని 1859 లో ఓడపై లండనుకు పంపినారు. 1880 లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. మనము చెప్పుకొన్న ఫలకమును అక్కడనే ఉన్నది. మన ఇంట పుట్టిన ఈ బిడ్డను చూడవలెనన్నచో మనమే సముద్రము దాటవలెను.

ఇక ఆ బిడ్డను చూడవచ్చినవారిలో ముఖ్యుడు అసితుడు. పాళీ గ్రంథమైన సుత్తనిపాతము ఈ కథ చెప్పుచున్నది. అతడు శుద్ధోదనుని తండ్రికి పురోహితుడనియు, శుద్ధోదనునికి గురువనియు వ్యాఖ్యానకర్తలు వ్రాసినారు. అనగా ఆ ఇంటికి పాత హితుడు. దేవతల సంబరము చూచి, కారణమడిగి తెలిసికొని, బిడ్డను చూచుటకై వచ్చినాడు. చేతులలోనికి తీసికొని మురిసినాడు. అంతలోనే కంట నీరు పెట్టుకొన్నాడు. పురిటింట పెద్దవాడు కన్నీరు పెట్టిన ఎవరి గుండె నిలుచును? బిడ్డకు ఆయువు తక్కువయా అని తండ్రి వణకిపోయినట్లు అశ్వఘోషుడు బుద్ధచరితమున వర్ణించినాడు. బిడ్డకు ఏ కొదువయు లేదనియు, ఇతడు బుద్ధుడై ధర్మము చెప్పునాటికి తాను బ్రతికియుండడనియే తన దుఃఖమనియు అసితుడు ఊరడించినాడు. మనుమల పెండ్లి చూతునో లేదో అని కన్ను తుడుచుకొను మన తాతల మాట ఇట్టిదే.

ఆ సంబరములో అందరును మరచినది ఒకరిని. బిడ్డ పుట్టిన ఏడవనాడు మాయాదేవి కన్నుమూసినదని బౌద్ధసంప్రదాయము. మన లెక్కకు అది ఇంకను పురుడు వెళ్ళని దినము. అసితుని రాకకు అశ్వఘోషుడు ఎన్నియో శ్లోకములు వెచ్చించినాడు. తల్లి మరణమునకు ఆయన ఇచ్చినది ఒక్క శ్లోకము. కుమారుని మహిమ చూచి కలిగిన సంతోషమును భరింపలేక ఆమె స్వర్గమునకు పోయినదని చెప్పి ముగించినాడు. పిమ్మట ఆమె చెల్లెలు మహాప్రజాపతి గౌతమి బిడ్డను పెంచినది. ప్రసవమైన వారములోనే తల్లిని పోగొట్టుకొన్న ఇండ్లు ఏ కాలమునకును కొత్త కావు. ఆ ఇండ్లవారు సంతోషము చంపినదన్న మాటను నమ్మి ఊరకుందురా?

మన శిల్పి మాత్రము తల్లిని మరువలేదు. బిడ్డ అడుగుల గుర్తుగా మాత్రమే మిగిలిన చోట, తల్లి నిండు రూపముతో కొమ్మ పట్టుకొని నిలిచియున్నది. వచ్చినవారి చూపు గుడ్డపైకి పోవుటకు ముందు ఆమెపై నిలుచును. అతడు ఇట్లు తలపోసియే చెక్కినాడో లేదో మనము చెప్పజాలము. సంప్రదాయమును అనుసరించి చెక్కి ఉండవచ్చును. అయినను చూచువారికి దానినుండి గ్రహించదగినది కలదు.

పదిదినముల పురుడు మైలకొరకే ఏర్పడినదని చెప్పుదురు. బాలింతకు కాస్త విశ్రాంతియు, పథ్యమును, నలుగురి రాకపోకలనుండి విడుదలయు దానివలననే దొరకినవి. నేడు ఆసుపత్రి గదికే పండ్లబుట్టలతో పోవుచున్నాము. పోవుట మంచిదే. చేతులు కడుగుకొని, ఉయ్యెల వైపు నడచుటకు ముందు మంచము దగ్గర ఒక క్షణము నిలిచి, "ఒంట్లో ఎట్లున్నదమ్మా, నిద్ర పట్టుచున్నదా?" అని అడిగి, ఆమె చెప్పునది వినవలెను. జ్వరమనియో, తల తిరుగుచున్నదనియో ఆమె చెప్పినచో, బాలింతలకు ఇది మామూలే అని కొట్టివేయక వెంటనే వైద్యునికి తెలుపవలెను. పోలికలు ఎవరివో చూచుకొనుటకు పిమ్మట చాల కాలమున్నది.