షాట్‌గన్: విప్పి బిగించాక తుపాకీ మొరాయిస్తోందా? ముందు చూడాల్సినవి ఇవే..

నిన్నటిదాకా బాగానే పనిచేసిన సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్.. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాక మొరాయిస్తోందా? ఖాళీ షెల్ బయటకు రావడం లేదా? రెండో తూటా ఎక్కడం లేదా? అయితే పార్ట్ విరిగిపోయిందని వెంటనే కంగారు పడక్కర్లేదు. విప్పకముందు బాగున్న తుపాకీ విప్పాక ఆగిపోయిందంటే, మొదట అనుమానించాల్సింది బిగించిన పద్ధతినే. ఏదో ఒక రింగ్ తిరగబడి ఉంటుంది, లేదంటే ఏదో ఒక లింక్ తన చోట కూర్చుని ఉండదు.

దసరా ఆయుధ పూజకు ముందు, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకీ ఇంటికొచ్చాక చాలామంది ఆయుధాన్ని విప్పి తుడుస్తారు. అలాంటివాళ్లు, రేంజ్‌లో ప్రాక్టీస్ చేసే షూటర్లు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ముందు ఇది చేయండి

తుపాకీ మూతిని సురక్షితమైన వైపు తిప్పి ఉంచండి. మ్యాగజైన్ ట్యూబ్ ఖాళీ చేయండి. బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ఇంట్లో చెక్ చేయడానికి డమ్మీ తూటాలే వాడాలి. బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి, నారాయణగూడ లాంటి చోట్ల మన గోడ అవతల పక్కింటివాళ్ల హాలు ఉంటుంది. అసలు తూటా ఎక్కించి "ఒక్కసారి చూద్దాం" అనుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది.

బారెల్‌లో గుడ్డ పీలిక, బ్రష్ ముక్క లాంటివి మిగిలాయేమో ఒక చివర నుంచి లైట్ వేసి చూడండి. అడ్డం ఉండగా పేలిస్తే బారెల్ చీలిపోవచ్చు.

అసలు ఎలా పనిచేస్తుంది?

సెమీ ఆటోమేటిక్‌లో ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. ఖాళీ షెల్‌ను బయటకు తోసి, కొత్తది ఎక్కించే పని తుపాకీయే చేసుకుంటుంది. ఆ శక్తి ప్రధానంగా మూడు రకాలుగా వస్తుంది.

* గ్యాస్ రకం: పేలుడు వాయువులో కొంత భాగం పిస్టన్‌ను నెడుతుంది. ఉదాహరణకు రెమింగ్టన్ 1100.
* ఇనర్షియా రకం: తుపాకీ వెనక్కి తన్నే ఊపుతో బోల్ట్ కదులుతుంది. బెనెల్లీ తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.
* లాంగ్ రికాయిల్ రకం: బారెల్, బోల్ట్ కలిసి వెనక్కి వెళ్తాయి. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఆటో-5 ఈ రకమే.

మీది ఏ రకమో తెలిస్తే తప్పు ఎక్కడుందో సగం దొరికినట్టే.

లక్షణాన్ని బట్టి కారణం

ఖాళీ షెల్ పూర్తిగా బయటకు రావట్లేదా? గ్యాస్ రకంలో పిస్టన్, సీల్, ఓ-రింగ్ వరుస చూడండి. రెమింగ్టన్ 1100లో చిన్న రబ్బరు ఓ-రింగ్ చిరిగినా, తుడిచేటప్పుడు పోయినా గ్యాస్ లీకై బోల్ట్ సగంలోనే ఆగిపోతుంది.

బోల్ట్ పూర్తిగా వెనక్కి రావట్లేదా? బోల్ట్ వెనక వేలాడే లింక్, స్టాక్‌లోని స్ప్రింగ్ ప్లంజర్ గుంటలో కూర్చోలేదని అర్థం. బలంగా లాగకండి. ట్రిగ్గర్ గ్రూప్ తీసి, లింక్ సరిచేసి మళ్లీ బిగించండి.

చేత్తో బోల్ట్ ఆడిస్తే మ్యాగజైన్ నుంచి తూటా రావట్లేదా? కొన్ని మోడళ్లలో ఇది లోపమే కాదు. తూటా వదిలే మీట విడిగా నొక్కాలి. మాన్యువల్ చూడండి.

ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మని ఊరుకుంటోందా? బోల్ట్ పూర్తిగా మూసుకోకపోయి ఉండొచ్చు. ఇనర్షియా తుపాకుల్లో బోల్ట్‌ను చేత్తో పట్టి మెల్లగా వదిలితే ఇలా జరుగుతుంది. స్ప్రింగ్ జోరుతోనే మూసుకోనివ్వాలి. రేంజ్‌లో ఇలా జరిగితే వెంటనే తెరవొద్దు. మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది.

ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు నడుస్తుందో తెలియట్లేదా? ముందు క్యాప్ వదులుగా ఉందేమో చూడండి. నూనె ఎక్కువైనా ఇదే సమస్య. మసితో కలిసి జిగటగా మారుతుంది. పూజలో పసుపు, కుంకుమ పెట్టినా కదిలే భాగాల్లోకి పొడి వెళ్లకుండా చూసుకోవాలి.

ఒక్క రింగ్ తేడా

ఆటో-5 ఇందుకు మంచి ఉదాహరణ. హెవీ తూటాలకు స్టీల్ ఫ్రిక్షన్ రింగ్ స్ప్రింగ్‌కు ముందు ఉండాలి. లైట్ తూటాలకు దాన్ని స్ప్రింగ్ వెనక్కి, రిసీవర్ పక్కకు మార్చాలి. హెవీ సెట్టింగ్‌లో లైట్ తూటా వేస్తే షెల్ బయటకు రాదు. లైట్ సెట్టింగ్‌లో హెవీ తూటా వేస్తే దెబ్బ ఎక్కువై ముందు చెక్క పగలొచ్చు.

తూటా మార్చినా ఇలాగే ఉంటుంది. అంతర్జాతీయ ట్రాప్, స్కీట్ పోటీల్లో వాడే తూటాలో గుండ్ల బరువు 24 గ్రాములే. కొన్ని తుపాకులకు ఆ ఊపు చాలదు. బిగింపు సరిగ్గా ఉన్నా ఆగుతుంటే, మాన్యువల్‌లో చెప్పిన తూటాతో రేంజ్‌లో పరీక్షించాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో సెమీ ఆటోమేటిక్ ఆయుధాలపై ఆంక్షలు కఠినం. డబుల్ బారెల్ 12 బోర్‌కు ఇచ్చే మామూలు లైసెన్సుతో వీటిని ఉంచుకోవచ్చని అనుకోవద్దు. మీ లైసెన్సులో ఏం రాసి ఉందో చూసుకోండి. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం తుపాకులు రిపేర్ చేసేవారికీ లైసెన్సు తప్పనిసరి. పక్కవీధి లేత్ వర్క్‌షాప్‌కు ఇవ్వడం నేరమే అవుతుంది. లైసెన్సు లేకుండా బారెల్ కోసి పొట్టి చేయడాన్ని సెక్షన్ 6 నిషేధిస్తోంది. నిషేధిత ఆయుధాలు అక్రమంగా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు.

ఎక్కడ ఆపాలి?

రింగులు, లింక్, క్యాప్, నూనె.. యజమాని చూసుకోవాల్సినవి ఈ నాలుగే. ఇవి సరిచేసినా ఆగుతుంటే, ట్రిగ్గర్ నొక్కకుండానే హ్యామర్ పడుతుంటే, సేఫ్టీ పట్టకపోతే, బారెల్‌లో ఉబ్బు కనిపిస్తే ఇక వాడొద్దు. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. షాట్‌గన్ షూటింగ్‌లో మన నగరానికి పేరుంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల ట్రాప్ టీమ్ స్వర్ణం గెలిచిన జట్టులో హైదరాబాదీ కైనాన్ చెనాయ్ ఉన్నారు. ఈ ఆట నేర్చుకునే పిల్లలకు కోచ్‌లు మొదట నేర్పేది గురి కాదు, తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకోవడమే. వచ్చేసారి విప్పేటప్పుడు ఒక్కో పార్ట్ తీయగానే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బిగించేటప్పుడు ఆ ఫొటోలను వెనక నుంచి ముందుకు చూసుకుంటూ వెళ్తే చాలు.