కరిగిన రూపాయలు: రగ్బీ ఆటకు కలకత్తా కానుక

లండను నగర శివారునందలి ట్వికెన్‌హామ్‌లో రగ్బీ క్రీడకు సంబంధించిన ప్రదర్శనశాల యొకటి కలదు. అందు మూరెడు ఎత్తుగల వెండి కప్పు నొకదానిని భద్రపరచియున్నారు. దానికి మూడు పిడులు. మూడును పడగవిప్పిన నాగుపాములు. మూతపైన ఏనుగు. పనితన మంతయు మన దేశపుది. చూచినవారు ఏ సంస్థానాధీశుడో సీమదొరకు సమర్పించిన కానుక యనుకొందురు. కాని అది కలకత్తాలోని యొక క్రీడాసంఘము మూతపడినప్పుడు దాని బ్యాంకు ఖాతాలో మిగిలిన నిల్వ. ఆ నిల్వయే కప్పుగా మారి, 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు జట్ల నడుమ జరుగు రగ్బీ పోటీకి బహుమానమైనది. దాని పేరు కలకత్తా కప్పు.

మనవంటి సాంస్కృతిక సంఘములలో కార్యదర్శిగానో, కోశాధికారిగానో పద్దులు వ్రాసినవారికి ఈ కథ తప్పక రుచించును. అయితే ఆట తెలియనిదే కప్పు విలువ తెలియదు. క్రికెట్టు, ఫుట్‌బాలు, హాకీలతో పెరిగిన మనకు రగ్బీ క్రొత్తది. కావున మొదట ఆటను గూర్చి కొంత చెప్పి, పిదప కలకత్తాకు వత్తును.

రగ్బీ యనునది ఇంగ్లండులో ఒక ఊరి పేరు. ఆ ఊరి పాఠశాల ఆటయే ఇది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి, కాలితో తన్నవలసిన బంతిని చేతబట్టుకొని పరుగెత్తెననియు, అదియే రగ్బీకి పుట్టుక యనియు ఒక కథ ప్రచారములో నున్నది. పాఠశాలలో దానికి శిలాఫలకము కూడ కలదు. అయితే ఈ కథ అచ్చులోకి వచ్చునప్పటికి ఎల్లిస్ గతించి కొన్నేండ్లైనది. 1895లో ఆ పాఠశాల పూర్వవిద్యార్థులు విచారణ జరిపిరి గాని, ఆ పరుగును కన్నులార చూచితినని చెప్పిన సాక్షి ఒక్కడును దొరకలేదు. మన కచ్చేరీలో ఇట్టి ఆధారముతో ఏ ఫైలును ముందుకు సాగదు. నిశ్చయముగా చెప్పదగినది మరొకటి కలదు: 1845లో ఆ పాఠశాల విద్యార్థులే తమ ఆట నియమములను వ్రాతలో పెట్టిరి. లోకమున రగ్బీకి మూలమైనది ఆ చిన్న నియమావళియే. 1871 జనవరి 26న లండనులో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఏర్పడినది. అదే సంవత్సరము మార్చి 27న ఎడింబరో నగరమున స్కాట్లండు, ఇంగ్లండు జట్లు తొలి అంతర్జాతీయ పోటీ ఆడగా స్కాట్లండు గెలిచినది. అప్పుడు జట్టుకు 20 మంది; 1877 నుండి 15 మంది.

ఇక ఆట. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతి. మైదానము రెండు కొసలయందు ఇంగ్లీషు 'హెచ్' అక్షరమును పోలిన స్తంభములు. వాని నడుమ అడ్డుకొయ్య 3 మీటర్ల ఎత్తున నుండును. అర్ధభాగమునకు 40 నిమిషముల చొప్పున ఆట 80 నిమిషములు సాగును. బంతిని చేతబట్టుకొని ఎదుటివారి గీత దాటి నేలకు అదిమి తాకించుటయే లక్ష్యము. దీనిని 'ట్రై' యందురు. ఊరక బంతిని గీత అవతలకు విసరిన చాలదు. చేతితో నేలకు ఒత్తవలెను.

ట్రై యనగా ప్రయత్నము. గెలుపునకు ప్రయత్నమని పేరేల వచ్చెనని పిల్లలడుగుదురు. తొలినాళ్లలో ఇట్లు బంతి తాకించినందుకు గుణము లేమియు లేవు. స్తంభముల నడుమనుండి, అడ్డుకొయ్య మీదుగా బంతిని తన్నుటకు ఒక ప్రయత్నము చేసికొనుటకు మాత్రమే హక్కు లభించెడిది. తన్ను నెగ్గిననే లెక్క. కాలక్రమమున అభిప్రాయము మారినది. 1971లో ట్రైకి 4 గుణములు, 1992లో 5 గుణములు చేసిరి. దానివెంట తన్ను నెగ్గిన మరి 2. ఎదుటివారి తప్పిదమునకు లభించు పెనాల్టీ తన్ను స్తంభముల నడుమనుండి పోయిన 3. ఆట సాగుచుండగా బంతిని నేలపై వదలి, అది పైకి లేచునప్పుడు తన్ని గురి సాధించిన 3. ఒకనాడు కొరగాని ట్రై నేడు అన్నిటికంటె విలువైనది.

క్రొత్తవారిని మొట్టమొదట తికమక పెట్టు నియమ మొకటి కలదు. బంతిని చేతితో ముందుకు అందించరాదు. ప్రక్కకో, వెనుకకో మాత్రమే విసరవలెను. ముందుకు పోవలెనన్న బంతి పట్టుకొని పరుగెత్తవలెను, లేదా కాలితో తన్నవలెను. అనగా జట్టు ముందుకు సాగుచుండ బంతి వెనుక చేతులకు పోవుచుండును. బంతి గలవాడు ముందు, తక్కినవారు అతని వెనుక వాలుగా బారు తీరి పరుగెత్తుట చూచుటకు మిక్కిలి ముచ్చటగా నుండును. చేజారి బంతి ముందుకు పడినను తప్పే.

బంతి చేతనున్నవానిని మాత్రమే పట్టి పడవేయవచ్చును. ఇక్కడ మన చెడుగుడు ఆడినవారికి కొంత పరిచయము కనబడును. కూతకు వచ్చినవాని తొడలను, నడుమును ఒడిసి పట్టుట ఎట్లో వారికి తెలియును. రగ్బీలోను తల ప్రక్కకు పెట్టి, భుజముతో ఎదుటివాని తొడలను తాకి, చేతులతో చుట్టి పట్టవలెను. చేతులు చుట్టక భుజముతో ఢీకొనుట నేరము. భుజముల గీతకు పైన పట్టుట నేరము. ఔత్సాహికుల ఆటలో పలు దేశములవారు ఇటీవల ఆ హద్దును ఇంకను క్రిందికి దించిరి. అయితే చెడుగుడులో పట్టినవానిని వదలరాదు. రగ్బీలో పడవేసిన వెంటనే వదలవలెను. పడినవాడు సైతము బంతిని వదలవలెను. అప్పుడు ఇరుపక్షములవారు కాళ్లపై నిలిచి, బంతి మీదుగా ఒకరినొకరు నెట్టుకొని దానిని తమ వైపునకు తెచ్చుకొందురు. చూచువారికి అది దొమ్మివలె కనబడును గాని, ఎవరు ఏ వైపునుండి రావలెనో, ఎవరి చేయి ఎప్పుడు బంతిని తాకవచ్చునో అన్నిటికి నియమము కలదు.

15 మందిలో 8 మంది ముందుదళము, 7గురు వెనుకదళము. చిన్న తప్పిదములకు 'స్క్రమ్' పెట్టుదురు. ముందుదళములోని 8 మంది ముగ్గురు, నలుగురు, ఒకడు చొప్పున మూడు వరుసలుగా కూడి, ఎదుటి 8 మందితో భుజము భుజము కలిపి వంగి నెట్టుదురు. నడుమ వేసిన బంతిని కాలితో వెనుకకు లాగుకొనవలెను. బంతి ప్రక్కగీత దాటిన రెండు బారులు తీరి నిలువగా, వారి నడుమకు దానిని విసరుదురు. అందుకొనువానిని తోడివారు నడుమెత్తి ఆకాశమునకు లేపుదురు. బండవానికి, బక్కవానికి, పొడుగువానికి, పొట్టివానికి ఒక్కొక్క స్థాన మున్నదని ఈ క్రీడాభిమానులు గర్వింతురు. అది నిజమే. రిఫరీతో జట్టునాయకుడు తప్ప ఇతరులు వాదింపరాదను ఆచారము నాకు మరింత నచ్చినది.

ఇప్పుడు కలకత్తా. 1872 డిసెంబరు 25, క్రిస్మసునాడు, ఆ నగరమున రగ్బీ పోటీ జరిగినది. ఒకవైపు ఇంగ్లండువారు 20 మంది. రెండవవైపు స్కాట్లండు, ఐర్లండు, వేల్సులకు చెందినవారు కలసి 20 మంది. వారము తరువాత మరల ఆడిరి. ఆ ఉత్సాహముతో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు స్థాపింపబడినది. 137 మంది సభ్యులు చేరిరి. అది తెల్లదొరల సంఘమే. వర్తకులు, సైనికులు అందు ప్రధానులు. 1874లో లండను యూనియనులో చేరినది.

ఆరంభమెంత ఘనమో క్షీణత అంత త్వరగా వచ్చినది. వంగదేశపు ఎండకు, ఉక్కకు ఈ ఆట పడలేదు. పోలో, టెన్నిసు ఆకర్షించినవి. సంఘమునకు బలమైన 'బఫ్స్' పటాలము 1876లో కలకత్తా విడిచి పోయినది. బదిలీ ఉత్తర్వు ఒక్కటి వచ్చిన సంఘములు ఎట్లు చిక్కిపోవునో మనకు తెలియనిది కాదు. వీటితోపాటు మరొక కారణము చెప్పుదురు: సభ్యులకు ఉచితముగా పానీయములిచ్చు ఏర్పాటును ఆపివేయగనే హాజరు పడిపోయినదట! నవ్వవద్దు. కాఫీ, ఉప్మా లేని సర్వసభ్య సమావేశమునకు మనలో ఎందరు వత్తురో ఆలోచింపుడు.

ఆ దినములలో జి. ఎ. జేమ్స్ రాత్నీ అను నాతడు ఆ క్లబ్బునకు జట్టునాయకుడు, కార్యదర్శి, కోశాధికారి. మూడు పదవులు ఒక్కని తలపై పడినవనగా సంఘమే స్థితిలో నున్నదో అనుభవజ్ఞులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఖాతాలో ఇంచుమించు 60 పౌనుల సొమ్మున్నది. దానిని పంచుకొనవచ్చును. ఒకనాటి విందుతో ముగించవచ్చును. లేదా లెక్క తేలక ఏండ్ల తరబడి ఖాతా అట్లే పడియుండవచ్చును. అట్టివి మనము చూచితిమి. రాత్నీ ఈ మూటిలో ఏదియు చేయలేదు. ఆ సొమ్ముతో మన దేశపు పనితనముగల కప్పు చేయించి లండను యూనియనునకు ఇత్తుమని 1877లో లేఖ వ్రాసెను. వారు సమ్మతించిరి. ఖాతా మూసి, సొమ్మును వెండి రూపాయలుగానే తీసికొనిరి. అవి 270. ఆ నాణెములను కరిగించి కప్పు చేయించిరి.

ఆనాటి రూపాయి సరిగా తులమెత్తు. పెద్దలు 'రూపాయెత్తు' అని తూచినది దానినే. కావున 270 రూపాయలనగా 270 తులములు. 80 తులముల సేరు చొప్పున మూడు సేర్ల 30 తులములు. నేటి కొలతలో 3 కిలోలకు పైగా తూగును. అందు పండ్రెండింట పదునొకండు వంతులు వెండి. ఆ రూపాయలలో ఎన్ని మన రైతుల పన్నునుండి, ఎన్ని జనపనార వర్తకమునుండి ఆ దొరల జీతములలోనికి చేరినవో ఎవరును లెక్కకట్టలేరు. కప్పును చూచునప్పుడు ఆ మాటను కూడ మరువరాదని నా మనవి.

దాతల కోరిక వేరు. ఏటేట క్లబ్బుల నడుమ పోటీ పెట్టి గెలిచినవారికి ఈ కప్పు ఈయవలెనని వారు తలచిరి. యూనియను పెద్దలకు క్లబ్బుల కప్పుపోటీ రుచింపలేదు. ఇంగ్లండు, స్కాట్లండు ఏటేట ఆడు పోటీకి దానిని కేటాయించిరి. దానమిచ్చినవారి మాట తోసివేయుట న్యాయము కాదని తోచును. అయినను క్లబ్బుల చేతబడియుండిన అది పలు కప్పులలో నొకటి యై మరుగునపడెడిదేమో. 1879 మార్చి 10న ఎడింబరోలో తొలి పోటీ జరిగి, ఎవరును గెలువక సమముగా ముగిసినది. 1880లో మాంచెస్టరునందు ఇంగ్లండు తొలిసారి దానిని గెలుచుకొన్నది. రెండు ప్రపంచయుద్ధములందు ఆట నిలిచినను కప్పు నిలిచియున్నది. 1988లో మాత్రము ఎడింబరోలో పోటీ ముగిసిన రాత్రి ఇరుజట్లలోని ఇద్దరు ఆటగాండ్రు త్రాగిన మైకములో దానిని వీధిలో తన్నుకొనుచు పోయి సొట్టలు పెట్టిరి. ఉచిత పానీయములు లేక చచ్చిన సంఘపు కప్పు పానీయములు ఎక్కువై గాయపడినది! బాగుచేయించిరి గాని అది సున్నితమైనది. అందుచే నకళ్లు చేయించి గెలిచినవారి చేతికిచ్చుచున్నారు.

మన దేశమున ఈ ఆట ఏమైనది? కలకత్తాలో 1884లో తిరిగి లేచినది. 1890లో మన దేశపు జట్లకు వేరొక కప్పు వెలసినది. అయినను చాలకాలము కంటోన్మెంటులను, దొరల క్లబ్బులను దాటలేదు. ఫుట్‌బాలు అట్లు గాదు. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు, ఒక్కడు తప్ప అందరును వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించిన దినమున అది మన వీధి ఆట యైనది. రగ్బీకి అట్టి దినము రాలేదు. దానికి మెత్తని నేల కావలెను. ఎండిన మైదానముపై పడిన మోకాలి చర్మము మిగులదు. అందుకే కలకత్తా, బొంబాయిలలో వానకాలమున బురదలో ఆడుట వాడుకైనది. మన జాతీయజట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడినది 1998లో.

పిల్లలను పంపదలచిన తలిదండ్రులకు రెండు మాటలు. మొదటి నెలలలో పడవేయుట యుండరాదు. బంతి గలవానిని రెండు చేతులతో తాకిన చాలునను తేలిక ఆట కలదు, అందుతో ఆరంభింపవలెను. పిదప మెత్తని నేలపై మోకాళ్లమీద కూర్చుండి పట్టుట, పడుట నేర్పుదురు. పండ్లకు రక్షణకవచము తప్పనిసరి యనుకొనుడు. తలకు దెబ్బ తగిలి కన్ను తిరిగిన పిల్లవాడు ఎంత బ్రతిమాలినను ఆనాడు మరల ఆడరాదు, వైద్యునకు చూపవలెను. జట్టుకు ఏడుగురు చొప్పున, అర్ధభాగమునకు 7 నిమిషములే ఆడు రగ్బీ కలదు. 1883లో స్కాట్లండులోని మెల్రోజ్ అను ఊర పుట్టి, 2016లో ఒలింపిక్సునకు ఎక్కినది. ఆ యేడు పురుషులలో బంగారు పతకము చిన్నదేశమైన ఫిజీ గెలిచినది. మైదానము, జనము తక్కువగల మనకు అది అనుకూలము.

అట్లు ఆడి నేర్చినవారే భువనేశ్వరమున కళింగ సాంఘికశాస్త్ర సంస్థలో చదువు గిరిజన బాలురు. ఒడిస్సా అడవిపల్లెల పిల్లలు. 2007లో లండనులో జరిగిన 14 ఏండ్ల లోపు పాఠశాలల అంతర్జాతీయ పోటీకి వారు వెళ్లిరి. మన రూపాయలు కరిగి చేరిన నగరమునకే పోయి, ఆ పోటీలో తమ కప్పును గెలిచి ఇంటికి తెచ్చుకొనిరి.