గురక తగ్గితే సరిపోదు: నిద్రలో ఆగే శ్వాసకు దంతవైద్యుని పరికరం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాలే వీరిలో చాలామందికి ఇక్కడ కూడా జీవనాధారం. పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి పని, పగటి నిద్ర సాగే చోట మగ్గం ముందు కునుకు పడితే ఆ నింద సహజంగానే షిఫ్టు మీదకు పోతుంది. అది చాలాసార్లు నిజమే. అయితే కొందరిలో నిద్ర గంటలు తక్కువ కాకపోయినా, ఆ నిద్రలో శ్వాస పదే పదే ఆగిపోవడం వల్ల అలసట తీరదు. ఈ వ్యాధినే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి మరణించినప్పుడు వైద్యులు ప్రస్తావించిన వ్యాధులలో ఇది కూడా ఉండటంతో ఈ పేరు అనేకమందికి తొలిసారి వినబడింది.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనుకకు జారి గాలి దారిని ఇరుకు చేస్తాయి. ఇరుకైన దారిలో గాలి కంపిస్తే గురక వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఛాతీ, పొట్ట శ్వాస కోసం ప్రయత్నిస్తూనే ఉన్నా గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు నిద్రను ఒక్క క్షణం భంగపరచి గొంతును తెరిపిస్తుంది. మనిషి ఉలిక్కిపడినట్లు గాలి పీల్చుకొని మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. ఉదయానికి అతనికి ఏదీ గుర్తుండదు. అందుకే ఈ వ్యాధిని మొదట గమనించేది రోగి కాదు, పక్కన పడుకున్నవారు. ఒకే గదిలో పలువురు కార్మికులు నిద్రించే చోట గురక వేళాకోళానికి వస్తువవుతుంది గానీ వైద్యుని వరకు చేరదు.

కనీసం పది సెకన్ల పాటు శ్వాస ఆగినా, బాగా తగ్గినా దానిని ఒక ఘటనగా లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 లోపు ఘటనలుంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు అయితే మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు దేశంలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2023లో ఒక అంచనా వెలువరించారు. దాని ప్రకారం పనిచేసే వయసు భారతీయులలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఈ వ్యాధి ఉంది. వారిలో 4 కోట్ల 70 లక్షల మందికి అది మధ్యస్థ లేదా తీవ్ర స్థాయిలో ఉంది. చికిత్స లేకుండా వదిలేస్తే అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం వంటి ముప్పులు పెరుగుతాయి. వాహనం నడిపేవారికి, తిరిగే యంత్రం పక్కన నిలబడేవారికి పగటి కునుకు అంతకంటే ముందే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

తీవ్రమైన వ్యాధికి ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ బృందం 1981లో దీనిని వెలుగులోకి తెచ్చింది. ముఖానికి తగిలించిన మాస్కు ద్వారా ఒత్తిడితో వచ్చే గాలి గొంతును తెరచి ఉంచుతుంది. అది సమర్థమైనదే, కానీ రాత్రంతా మాస్కు భరించలేక మధ్యలో తీసివేసేవారు తక్కువ కాదు. యంత్రానికి విద్యుత్తు కావాలి, మంచం పక్కన చోటు కావాలి. ఇరుకు గదులలో ఇవి చిన్న విషయాలు కావు.

అటువంటివారికి దంతవైద్యుడు తయారుచేసే నోటి పరికరం ఒక ప్రత్యామ్నాయం. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి తొడుగులుంటాయి. రెండూ కలిసి కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి నిలుపుతాయి. నాలుక కండరం కింది దవడ ఎముకకు అంటి ఉండటం వల్ల దవడతో పాటు నాలుక కూడా ముందుకు వస్తుంది, అంగిలి వెనుక దారి విశాలమవుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. చిన్న దవడతో పుట్టి నాలుక వెనుకకు జారే శిశువుల కోసం ఫ్రెంచి వైద్యుడు పియెర్ రోబాన్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలోనే దవడను ముందుకు నిలిపే పరికరాన్ని వాడారు.

ఘటనల సంఖ్యను తగ్గించడంలో సీప్యాప్‌దే పైచేయి. అయినా 2013లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి ఆలోచింపజేస్తుంది. 126 మందిని చేర్చుకొని, ఒక్కొక్క చికిత్సను నెల రోజుల చొప్పున ఇచ్చి పోల్చినప్పుడు రక్తపోటు, పగటి మగత విషయంలో రెండింటి ఫలితాలు దాదాపు సమానంగా తేలాయి. రోగులు సీప్యాప్‌ను రాత్రికి సగటున 5.2 గంటలు, నోటి పరికరాన్ని 6.5 గంటలు వాడామని చెప్పడం ఇందుకు ఒక వివరణ. అమెరికాలోని నిద్ర వైద్య, దంత నిద్ర వైద్య సంస్థలు 2015లో సంయుక్తంగా వెలువరించిన మార్గదర్శకాలు కూడా సీప్యాప్‌ను భరించలేనివారికి, వేరే చికిత్స కోరుకునేవారికి ఈ పరికరాన్ని సిఫారసు చేశాయి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ నుంచి వరంగల్ వెళ్లే ప్రయాణికుడు దీనిని చిన్న డబ్బాలో వెంట తీసుకుపోగలడన్న సౌలభ్యం ఎలాగూ ఉంది.

అందరికీ ఇది పనికిరాదు. తొడుగు పట్టుకోవడానికి ప్రతి దవడలో ఎనిమిది నుంచి పది గట్టి పళ్లయినా ఉండాలి. చిగుళ్లు ఆరోగ్యంగా ఉండాలి, దవడ కీలు నొప్పి లేకుండా కదలాలి. గుజరాత్‌లో ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఎదురవుతుంది. గుట్కాను రాష్ట్రం 2012లో నిషేధించినా, వక్క, సున్నం, పొగాకు కలిపి నలిపే మావా నమిలే అలవాటు విస్తృతంగా ఉంది. నిద్ర ఆపుకోవడానికి దానిని బుగ్గన పెట్టుకునే కార్మికులున్నారు. వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంది. రెండు వేళ్లు పట్టనంతగా నోరు బిగిసినవారికి పళ్ల అచ్చు తీయడమే కష్టం, ఇక పరికరం అమర్చడం ఎలా? పైగా ఆ బిగుతు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న వ్యాధి లక్షణం. కాబట్టి దానికి ముందుగా వైద్యం అవసరం.

దంతవైద్యుని వద్దకు వెళ్లే ముందు నిద్ర పరీక్ష జరగాలి. గొంతు మూసుకోకపోయినా మెదడు నుంచి ఆదేశం అందక శ్వాస ఆగే మరో రకం ఆప్నియా ఉంది. దానికి దవడను జరపడం వల్ల ప్రయోజనం లేదు. ఈ తేడాను పరీక్ష మాత్రమే చెప్పగలదు. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మీమర్ వంటి బోధనాసుపత్రులలో చెవి ముక్కు గొంతు వైద్యులను గానీ, ఛాతీ వైద్యులను గానీ తొలుత సంప్రదించవచ్చు. రాత్రి షిఫ్టు చేసేవారు తాము పగలు నిద్రిస్తామన్న సంగతిని ముందే చెప్పాలి. వారు రోజూ నిద్రించే వేళలోనే పరీక్ష జరిగితే ఫలితం నిజానికి దగ్గరగా ఉంటుంది.

పరికరాన్ని అమర్చాక దవడను ఒక్కసారిగా ముందుకు లాగరు. మనిషి జరపగలిగిన గరిష్ఠ దూరంలో సుమారు సగం వద్ద మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. తొలి రోజులలో లాలాజలం ఎక్కువగా ఊరడం, ఉదయం దవడ పట్టేయడం సాధారణం. ఏళ్ల తరబడి వాడితే పై పళ్లు కొద్దిగా లోపలికి, కింది పళ్లు బయటికి వాలి కొరుకులో తేడా రావచ్చు. అందువల్ల దంతవైద్యుని పర్యవేక్షణ కొనసాగాలి. వేడినీటిలో మెత్తబరచి సొంతంగా కొరికి అమర్చుకునే ఆన్‌లైన్ తొడుగులలో ఈ సర్దుబాటు, పర్యవేక్షణ కొరవడతాయి.

గురక తగ్గగానే వ్యాధి నయమైందని చాలామంది భావిస్తారు. శబ్దం ఆగినా శ్వాస ఆగడం కొనసాగవచ్చు. పరికరం కుదురుకున్నాక దానిని నోట పెట్టుకొనే రెండోసారి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గంటకు ఘటనలు తగినంత తగ్గకపోతే వైద్యులు దవడ స్థానాన్ని మారుస్తారు, లేదా సీప్యాప్‌ను మళ్లీ ప్రయత్నించమంటారు. అధిక బరువు ఉన్నవారికి బరువు తగ్గమని, నిద్రకు ముందు మద్యం మానమని, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోమని ఈ చికిత్సలతో పాటే సూచిస్తారు.