నాగలి కర్రు, ల్యాప్‌టాప్ బోర్డు

పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. కొని నాలుగేళ్ళే అయింది. టౌన్లో షాపాయన విప్పి చూసి, "మెమరీ పోయిందండీ. దాన్ని బోర్డుకే అతికించేశారు కాబట్టి బోర్డు మొత్తం మార్చాలి. ఆ డబ్బుకు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది" అన్నాడు. గోరంత ముక్క పోతే వస్తువంతా పారెయ్యాలా అని నాకు ఒళ్ళు మండింది. అమ్మాయేమో, "ముక్కలుగా విప్పి మార్చుకునే ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి నాన్నా, వాటితో చెత్త తగ్గుతుందంట" అంది. నిజమేనా అని ఇద్దరం వారం రోజులు చదివాం. తెలిసింది రాస్తున్నాను.

ముక్కల పద్ధతి మనకు కొత్తేం కాదు. మా నాన్న నాగలి అంతే కదా. కర్రు అరిగితే కమ్మరి కొలిమిలో పెట్టి సాగగొట్టేవాడు. మేడి విరిగితే వడ్రంగి కొత్తది బిగించేవాడు. పూర్తిగా అరిగిన కర్రు కూడా పారేసింది లేదు, ఆ ఇనుముతో కొడవలో గునపమో అయ్యేది.

కంప్యూటర్లు కూడా మొదట్లో ఇలాగే ఉండేవి. 1981లో ఐబీఎం కంపెనీ తెచ్చిన పీసీలో కార్డులు బిగించుకోడానికి ఐదు స్లాట్లు ఉండేవి. లోపలి సర్క్యూట్ పటాలు కూడా పుస్తకంగా అచ్చేసి అమ్మారు. దాంతో వేరే కంపెనీలు కూడా అందులో సరిపోయే ముక్కలు చేశాయి.

మరి చెత్త తగ్గిందా? తగ్గలేదు! విప్పడం సులువే గానీ, కొన్నేళ్ళకోసారి లోపలి కొలతలు మారిపోయేవి. కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చోదు. కొత్త బోర్డులో పాత మెమరీ పట్టదు. ఒక్కటి మారుద్దామని వెళ్తే మూడు మార్చాల్సొచ్చేది. పాతవి అటక మీదకి, అక్కణ్ణుంచి పాత సామాను బండికి.

తర్వాత సన్నటి ల్యాప్‌టాప్‌ల మోజు వచ్చింది. 2012లో ఆపిల్ తెచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో మెమరీని బోర్డుకే అతికించి, బ్యాటరీని జిగురుతో అంటించారు. మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. 2013లో ముక్కల ఫోను చేస్తామని ప్రాజెక్ట్ ఆరా అని మొదలైంది. గూగుల్ దాన్ని కొన్నాళ్ళు నడిపి, ఒక్క ఫోనూ అమ్మకుండానే 2016లో ఆపేసింది.

2021లో అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ మళ్ళీ పాత దారికి వచ్చింది. దాని ల్యాప్‌టాప్ విప్పడానికి ఒక్క స్క్రూడ్రైవర్ చాలు, అది కూడా వాళ్ళే ఇస్తారు. గొప్పేమిటంటే, 2023లో వచ్చిన బోర్డు కూడా 2021 నాటి డొక్కులో సరిగ్గా కూర్చుంటుంది. తెర, కీబోర్డు, బ్యాటరీ పాతవే ఉంచుకోవచ్చు. తీసేసిన బోర్డుకు విడిగా పెట్టె అమ్ముతారు, దాన్ని ఇంకో చిన్న కంప్యూటర్‌గా వాడుకోవచ్చు. కర్రు కొడవలైనట్టే అన్నమాట.

అయితే అక్కడా చిక్కు లేకపోలేదు. 2023లో ఏఎండీ బోర్డు వేసుకున్నవాళ్ళు పాత డీడీఆర్4 మెమరీ పక్కనబెట్టి డీడీఆర్5 కొనాల్సొచ్చింది. పైగా, పాత బోర్డు బాగానే ఉన్నా వేగం కోసం ఏడాదికోసారి కొత్తది వేస్తే అది చెత్త తగ్గించడం కాదు, వాయిదాల మీద పోగెయ్యడం. ల్యాప్‌టాప్ వల్ల ప్రకృతి మీద పడే భారంలో ఎక్కువ భాగం తయారీలోనే పడుతుంది, అందులోనూ బోర్డు, చిప్పులది పెద్ద వాటా.

ఐక్యరాజ్యసమితి లెక్క చూడండి. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో వచ్చిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అంటే మన లెక్కలో 62 కోట్ల క్వింటాళ్ళు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. ల్యాప్‌టాప్‌లు అందులో కొంత భాగమే అనుకోండి, కానీ కథ అన్నిటిదీ ఒకటే.

నాకర్థమైంది ఇది. ముక్కలుగా విప్పగలగడం సగం పనే. పదేళ్ళ తర్వాత కూడా ఆ ముక్క దొరకాలి, బిగించేవాడు మన దగ్గర్లో ఉండాలి, తీసిన ముక్క ఇంకొకరికి పనికిరావాలి. మన బోరు మోటారు ఇన్నేళ్ళు బతుకుతున్నది అందుకే. కాలితే వైండింగ్ షాపుంది, బేరింగు ఎక్కడైనా దొరుకుతుంది.

ఇది మనకు పట్టని విషయం అనుకోకండి. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో ఫోన్లు, వాహనాలు, ఇంట్లో వాడే యంత్రాలతో పాటు వ్యవసాయ పనిముట్లు కూడా ఉన్నాయి. రేపు కంప్యూటరు పెట్టిన ట్రాక్టరు ఆగిపోతే, ఆ షాపాయన చెప్పిన మాటే మనకూ చెప్తారు.

మేమైతే ఆఫీసులో వాడి తీసేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాం. మెమరీ, డిస్కు, బ్యాటరీ మూడూ మార్చుకోవచ్చు. ఆగిపోయినదాని తెర, కీబోర్డు షాపాయనే తీసుకున్నాడు, ఎవరికో పనికొస్తాయి. మీరు ల్యాప్‌టాప్ కొన్నా, స్ప్రేయర్ కొన్నా ముందు ఒక మాట అడగండి: "ఇందులో ఏది పోతే ఏది మార్చొచ్చు? ఆ ముక్క ఎన్నేళ్ళు దొరుకుతుంది?" సమాధానం చెప్పలేని షాపులో తొందరపడి డబ్బు కట్టకండి.

మీ ఇళ్ళల్లో ముక్కలు మార్చుకుంటూ ఎక్కువ కాలం నడిపిన యంత్రం ఏదైనా ఉంటే కింద రాయండి.