రెండున్నర కిలోల దూరము

శ్రీకాకుళము సీమకు బలవిద్య క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని పెద్దలు మీలో నుండరు. అయినను ఆ విద్య పురుషులదే యను తలంపు చిరకాలము నిలిచినది. దానిని తొలగించినది ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్నగారి శిక్షణలో బరువులెత్త నేర్చిన కరణం మల్లీశ్వరి. 1975లో జన్మించిన యీమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతయైనది.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు బరువులెత్తు పోటీ 2000 వఱకు లేనేలేదు. ఆ యేడు సెప్టెంబరు 19న సిడ్నీ నగరమున, 69 కిలోలు మించని దేహభారము గలవారి వరుసలో, ఆమె ఒక్క ఊపున 110 కిలోలను, భుజములపై నిలిపి పిదప 130 కిలోలను తలపైకెత్తెను. మొత్తము 240. చైనా, హంగరీ వనితలు చెరి 242.5 కిలోలెత్తిరి. మల్లీశ్వరికి కడపటి యత్నమొకటి మిగిలెను. తుది లెక్క చూడగా 135 చాలెడిది. కడ్డీకి తొడిగినది 137.5. అది సాగలేదు. ఇంట కూర్చుండి ఆ లెక్కను తప్పుపట్టుట సులభము. స్వర్ణమునకే చేయి చాచిన సాహసమును నేను నిందింపజాలను. దక్కినది కాంస్యము. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతవనిత ఆమెయే.